లెక్కగట్టిన చంద్రుడు

వినాయక చవితి నాడు చంద్రుణ్ణి కంటితో చూడకూడదు. చూస్తే చెయ్యని తప్పుకి నింద పడుతుందంటారు. ఫోనుతో చూడకూడదని మాత్రం ఎక్కడా రాసిలేదు. ఈ సందు కనిపెట్టిన మహానుభావుణ్ణి నేనే. ఉద్యోగం చేసినన్నాళ్లూ డిగ్రీ పిల్లలకు తెలుగు వ్యాకరణం చెప్పాను కదా, సంధులు విడదీసీ విడదీసీ సందులు వెతకడం అలవాటైపోయింది.

ఆ సాయంత్రం మా అపార్ట్‌మెంటు మేడ మీద నేను నిలబడిన తీరు తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. తల కిందికి వంచి, కళ్లు నా చెప్పుల మీద పెట్టి, ఫోనున్న చెయ్యి మాత్రం పైకెత్తి, పడమటి వైపు అటూ ఇటూ తిప్పుతూ టపటపా నొక్కుతున్నాను. చూసినవాళ్లెవరైనా నేను ఆకాశానికి లొంగిపోతున్నాననుకోవాలి. చూడనే చూసింది మా ఆవిడ, ఆరేసిన బట్టలు తీయడానికొచ్చి.

"ఏవండీ, ఏంటా నిలబడటం? మెడ పట్టేసిందా?"

"చంద్రుణ్ణి ఫొటో తీస్తున్నా. నేను చూడట్లేదులే, ఫోను చూస్తోంది."

"పొద్దున పూజలో అక్షింతలు వేసుకోకుండానే లేచిపోయారు, గుర్తుందా?"

"చూసేది ఫోనైతే నాకెందుకు అక్షింతలు?"

"సరే, నింద కూడా ఫోను మీదే పడుద్దిలెండి," అని బట్టలు భుజానేసుకుని దిగిపోయింది.

ఆ ఫోను కొత్తది. బీసెంట్ రోడ్డులో కొన్నాను. కౌంటరులో ఉన్నాయన దాన్ని పసిబిడ్డని చూపించినట్టు రెండు చేతుల్లో పెట్టి చూపించాడు. "ఇది మామూలు కెమెరా కాద్సార్. కంప్యుటేషనల్ ఇమేజింగ్" అన్నాడు. అంటే ఏమిటన్నాను. "మీరు నొక్కేది ఒక్కసారే సార్. అది లోపల బోల్డన్ని ఫొటోలు తీసి, ఒకదాని మీద ఒకటి వేసి, చెయ్యి వణికింది తీసేసి, చీకటి తీసేసి, అంతా లెక్కగట్టి, మంచిదొకటి మీ చేతిలో పెడుద్ది" అన్నాడు. నాకు మొదట్నుంచీ లెక్కలు రావు. ఇంట్లో ఒకరైనా లెక్కలొచ్చినవాళ్లుంటే మంచిదేనని కొన్నాను. లెక్కగట్టే కెమెరా నన్ను లెక్కచెయ్యదని అప్పటికి తెలియదు.

గుడ్డిగా నొక్కినవాటిలో చాలావరకు కేబుల్ తీగలూ, పక్క బిల్డింగు వాటర్ ట్యాంకూ వచ్చాయి. ఒక్కదాంట్లో మాత్రం చంద్రుడు పడ్డాడు. పడ్డాడంటే అలా ఇలా కాదు. కొడవలంచు తళతళలాడుతోంది. లోపలి ఒడ్డున చిన్న చిన్న గుంటలు, ఎవరో గోటితో నొక్కినట్టు, ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి. చూడకూడదన్న సంగతి మర్చిపోయి, మెట్ల మీద కూర్చుని పెద్దది చేసుకుని మరీ చూశాను. అక్కడితో ఆగినా బాగుండేది. అపార్ట్‌మెంటు గ్రూపులో పెట్టి, కింద ఒక వాక్యం కూడా రాశాను: "మీరు చూడకూడదు కనుక మీ అందరి తరఫునా నేను తీసిన చవితి చంద్రుడు."

మొదటి జవాబు మూడో అంతస్తు మామ్మగారిది. "తలుపులేసుకుని ఇంట్లో కూర్చున్నవాళ్లకి కూడా చూపించేశారేంటండీ మాష్టారూ! మళ్లీ కాళ్లు కడుక్కుని అక్షింతలు వేసుకోవాల్సొచ్చింది!"

రెండోది ప్రెసిడెంటు గారిది. ఆయన మా అసోసియేషన్‌కి అధ్యక్షుడు. గవర్నరుపేటలో చాలాకాలం ఫొటో స్టూడియో నడిపిన మనిషి. రీళ్ల కాలంలో ఊళ్లో సగం పెళ్లిళ్లకి ఆయన లైటు వెలగందే తాళి కట్టించేవారు కాదట. తర్వాత ఫోన్లొచ్చి స్టూడియో మూతపడింది. ఇప్పుడా గదిలో ఫోను కవర్లు అమ్ముతున్నారు. అంచేత ఫోను పేరెత్తితే ఆయనకి వేడెక్కుతుంది. ఆయన వాయిస్ మెసేజ్ పెట్టాడు, గ్రూపులో అందరికీ వినపడేలా:

"మాష్టారు కాపీ తాగుతారని తెలుసు గానీ, కొడతారని తెలీదండీ!"

వెనకాల ఎవరో పకపకా నవ్విన చప్పుడు కూడా ఉంది అందులో.

బయటివాళ్లకి ఇది చిన్న వేళాకోళంలా అనిపించొచ్చు. నాకు మాత్రం సూదిలా దిగింది. కారణముంది. నేను పాఠం ఎలా చెప్పేవాణ్ణో ఎవరికీ గుర్తులేదు గానీ, పరీక్ష హాల్లో కాపీలు ఎలా పట్టుకునేవాణ్ణో అందరికీ గుర్తే. బస్సులో ఎవరైనా లేచి సీటిస్తే గౌరవం కొద్దీ అనుకుంటాను. "మీరు నన్ను బుక్ చేశారు సార్" అంటారు. రిటైరయ్యాక ఆ పేరే నాకొక ఉద్యోగమిచ్చింది. ఏటా మా వినాయక నవరాత్రి పందిట్లో పిల్లలకి బొమ్మలూ వ్యాసాలూ పోటీలు పెడతారు, జడ్జిని నేను. ఏ ఏనుగు తొండం పిల్లాడిదో, ఏది వాళ్ల నాన్న దిద్దిందో చూడగానే చెప్పేస్తాను. తల్లిదండ్రులు తిట్టుకుంటారు, అయినా నమ్ముతారు. ఆ నమ్మకం ఒక్కటే ఈ వయసులో నా దగ్గరున్న ఆస్తి. ఫోను ఫొటో తీసింది, దానితోపాటు పరువూ తీసింది.

మర్నాడు పొద్దున్నే పందిరి దగ్గర ప్రెసిడెంటు గారిని పట్టుకున్నాను. ఆయన పూలదండలు విప్పిస్తున్నాడు.

"అది నేను తీసిందేనండీ. మన మేడ మీద."

"మీ మాట కాదంటానా మాష్టారూ? కాకపోతే నేను ఇంత పొడుగు లెన్సేసి, స్టాండేసి, ఊపిరి బిగబట్టి తీస్తే చంద్రుడు సున్నం బొట్టులా వచ్చేవాడండీ. మీ చేతిలో బిస్కెట్ ప్యాకెట్టంత ఫోను. గుంటలు లెక్కపెట్టొచ్చు. ఎవర్ని నమ్మమంటారు చెప్పండి."

"నన్ను."

"మిమ్మల్ని నమ్ముతానండీ. ఫొటోనే నమ్మను."

"ఫొటో నాదే కదండీ!"

"అదేనండీ డౌటు," అని దండ సర్దుతూ, నా వైపు చూడకుండా, మెల్లగా అసలు మాట చెప్పాడు. "ఈసారి పోటీలకి జడ్జిగా పక్క బ్లాకు బ్యాంకు మేనేజరు గారిని అడుగుదామనుకుంటున్నాం. పిల్లలకి కూడా ఫోన్లున్నాయి, అందరూ విన్నారు. మీరేమీ అనుకోకండి."

అనుకోకుండా ఎలా ఉంటాను? "ఈ సాయంత్రం మీ కళ్లెదురుగా తీస్తాను. రండి" అన్నాను.

సాయంత్రానికి మబ్బు కమ్మింది. అయినా ప్రెసిడెంటు గారు, మరో నలుగురు పెద్దలు గొడుగులు పట్టుకుని మేడెక్కారు. చంద్రుడు రాలేదు, వానొచ్చింది. ఆ మర్నాడు మబ్బు కాస్త వీడింది. ఈ లోపల నేను ఇంట్లో కూర్చుని, ఇంకా బాగా రావాలన్న ఆత్రంలో కెమెరాలో ఉన్న మీటలన్నీ నొక్కి చూశాను. ఏది వేశానో ఏది తీశానో నాకే తెలియదు. అందరి ఎదుటా ఫోనెత్తి, ఈసారి తలెత్తి నేరుగా చూసి, నొక్కాను.

వచ్చింది చూసి ప్రెసిడెంటు గారి ముఖం చంద్రబింబమైంది. నా తెర మీద మాత్రం బస్ డిపో లైటు లాంటిదేదో ఉంది. తెల్లగా, అంచుల్లేకుండా, చుట్టూ మసకతో.

"ఇదండీ, ఇదీ ఫోను తీసే చంద్రుడంటే," అన్నాడాయన, కొట్టకుండానే గెలిచినవాడి దయతో. "పోన్లెండి మాష్టారూ. ముచ్చటపడి నెట్‌లోంచి దించారు. అందులో తప్పేముంది? మా మనవళ్లు రోజూ చేసే పనే."

తప్పు లేదంటున్నాడు! తప్పు చేశానని తిట్టినా ఇంత మండేది కాదు.

పోటీ రోజున మొదటిసారి ప్రేక్షకుల్లో కూర్చున్నాను. బ్యాంకు మేనేజరు గారు బొమ్మల్ని దొంగనోట్లు చూసినట్టు వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశారు. చూసి, మొదటి బహుమతి ఒక కుర్రాడి ఎలుకకిచ్చారు. ఆ ఎలుక మీసాలు చూస్తే చాలు, అది గీసిన చేతికి గాజులున్నాయని నాకు తెలిసిపోయింది. నోరు తెరవబోయాను. పక్కన కూర్చున్నావిడ నా వైపు తిరిగి ఒక చిన్న నవ్వు నవ్వింది, అంతే. తెరిచిన నోట్లో ఉండ్రాయి వేసుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లు నేను పడిన పాట్లు ఎవరికీ వద్దు. ఫొటో వెనకాల అది ఎప్పుడు తీశారో, ఎక్కడ తీశారో రాసి ఉంటుందని ఎవరో చెబితే, అది తెరిచి ప్రెసిడెంటు గారికి చూపించాను. "అవి కూడా మార్చొచ్చంటండీ" అన్నాడు. బీసెంట్ రోడ్డు కొట్టుకి వెళ్లి, మీ ఫోను తీసిన ఫొటో నిజమైనదేనని నోటితో ఒక మాట చెప్పవయ్యా, రికార్డు చేసుకుంటానన్నాను.

"ఫేక్ కాద్సార్, ఏఐ" అన్నాడతను.

"అంటే నిజమేనా?"

"నిజం కన్నా బెటర్ సార్."

నేను నిజం చాలన్నాను. అది ఈ మోడల్లో లేదన్నట్టు చూశాడు.

మా బావమరిదికి ఆటోనగర్లో స్పేర్ పార్టుల కొట్టుంది. హెడ్‌లైట్లు, అద్దాలు, బంపర్లు అమ్ముతాడు. మనిషి మాటకారి. ఏదన్నా అర్థం కాకపోతే అతని దగ్గరికెళ్తే, అర్థం కాకపోయినా కాలక్షేపమవుతుంది. నేను వెళ్లేసరికి అతని కొత్త కారు పక్క షెడ్డులో ఉంది. గన్నవరం నుంచి వస్తుంటే ఎవరో గేదెల్ని తప్పించబోయి ఇతని ఎడమ తలుపుకి రాసుకుపోయారట. తలుపంతా సొట్టలు, సొట్టల మీద బూడిదరంగు లప్పం.

"బండి సంగతి వదిలేయండి బావగారూ, ఇందులో ఓ వింతుంది, ఎక్కండి" అని నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి, బండి వెనక్కి తీస్తూ తెర చూపించాడు.

తెర మీద మా కారు, ఆకాశంలోంచి కొంగ చూస్తే ఎలా ఉంటుందో అలా కనిపిస్తోంది. చుట్టూ షెడ్డు నేల, పడేసిన టైర్లు, నూనె మరకలు. టైరు పక్కనుంచి పిల్లి వెళ్తే పిల్లి కూడా.

నేను తల బయటపెట్టి పైకి చూశాను. "పైన కెమెరా ఎక్కడుంది?"

"లేదుగా! అదే వింత. నాలుగు పక్కలా నాలుగు కెమెరాలు. అవన్నీ నేలని తీసి, అతికించి, పైనుంచి చూస్తే ఇట్టా ఉంటదని లెక్కగడతది."

మళ్లీ లెక్క! విసుగ్గా తెరవైపు చూశాను. అప్పుడు పట్టుకున్నాను. హాల్లో వెనక బెంచీ కుర్రాడి మోచేతి కింద కాగితం కనబడితే నాకెలా ఉండేదో అలా అయింది.

"ఏవయ్యా, నీ ఎడమ తలుపు సొట్ట ఏది?"

"బయటుంది."

"తెర మీద లేదే? కారు పెళ్లికొడుకులా ఉంది!"

"అది బొమ్మ బావగారూ," అని నవ్వాడు బావమరిది. "కెమెరాలన్నీ బయటికి చూస్తయ్. పైనుంచి బండిని చూసే కెమెరా లేదుగా. అందుకని కంపెనీవాడు ముందే ఒక బొమ్మ లోపల పెట్టేశాడు. చుట్టూ ఉన్నదంతా నిజం, మధ్యలో బండి మాత్రం బొమ్మ. బురదలో దిగినా, గుద్దేసినా అది తళతళలాడుతూనే ఉంటది."

నేను జేబులోంచి ఫోను తీసి అతని ముందు పెట్టాను. చవితి చంద్రుణ్ణీ, డిపో లైటు చంద్రుణ్ణీ పక్కపక్కన చూపించాను. అతను కాసేపు లోపల వెతికి, "ఇదిగో, ఇది ఆపేశారు మీరు. ఎదురుగా ఉన్నదేంటో గుర్తుపట్టే మీట. కూడైతే కూడు, కుక్కైతే కుక్క. దేన్ని ఎట్టా దిద్దాలో దానికి తెలుసు" అని మళ్లీ వేసిచ్చాడు.

"చంద్రుడైతే?"

"చంద్రుడికి కొత్తగా మొహాలుంటయ్యా బావగారూ? ఎప్పుడు చూసినా అదే కదా. ఒకసారి నేర్చుకుంటే సరిపోద్ది. మేం లప్పం పెట్టి రంగేసినట్టే ఇదీను."

ఆ సాయంత్రం మేడెక్కాను. పల్చటి మబ్బు. మామూలు కంటికి చంద్రుడు బాత్రూం కిటికీ అద్దంలోంచి చూసినట్టు అలుక్కుపోయి ఉన్నాడు. ఫోనెత్తాను. మూలన చిన్న నెలవంక గుర్తు వెలిగింది. నొక్కాను. ఒక క్షణం మసగ్గా ఉండి, తర్వాత నా కళ్లముందే, మబ్బు లోపలున్న గుంటలన్నీ ఒక్కొక్కటీ తేరుకుని తెర మీదికి వచ్చాయి. నేను చూడనివి, కెమెరా కూడా చూడనివి. ఇది ఫొటో తీయడం కాదు, పెట్టడం.

అక్కడే ట్యాంకు గట్టు మీద కూర్చుండిపోయాను. నేను కాపీ కొట్టలేదు. కాపీ కొట్టినవాడు నా జేబులో ఉన్నాడు. జేబులో స్లిప్పు దొరికినప్పుడు "నాది కాద్సార్, ఎవరో పెట్టారు సార్" అని ఎంతమంది కుర్రాళ్లు నా ముందు ఏడ్చారో! ఒక్కడి మాటా నమ్మలేదు నేను. పోనీ నింద సంగతి చూద్దామంటే అదింకా చిక్కు. ఫోనులో నేను చూసింది అసలు చంద్రుడు కాకపోతే నాకు నింద పడకూడదు. పడింది కాబట్టి అది చంద్రుడే అయ్యుండాలి. చంద్రుడే అయితే నా ఫొటో నిజమైనదే, నేను నిర్దోషిని. నిర్దోషిని కాబట్టే అది నింద. వ్యాకరణంలో కూడా ఇంత మెలిక ఎప్పుడూ పడలేదు.

ఉన్నదున్నట్టు చెప్పడం మంచిదనిపించి మర్నాడు ప్రెసిడెంటు గారింటికెళ్లాను. అది నా రెండో తెలివితక్కువతనం.

"ప్రెసిడెంటు గారూ, మీరన్నదాంట్లో సగం నిజముందండీ. నేను తీసిన మాట వాస్తవం. కానీ ఫోను..."

"నిజమేనంటారా!" ఆయన కుర్చీలోంచి లేచిపోయాడు. వంటింటి వైపు తిరిగి, "ఇదిగో, మాష్టారు ఒప్పుకున్నారు! నేను చెప్పలా?" అని కేకేశాడు.

"ఒప్పుకోవడం కాదండీ, సగం..."

"సగమైనా పెద్ద మనసండీ మీది. నేనిది ఎవరికీ చెప్పను."

మధ్యాహ్నానికల్లా వాచ్‌మన్‌కి కూడా తెలిసిపోయింది. పైగా ప్రెసిడెంటు గారు గ్రూపులో ఒక చిన్న ఉపన్యాసం కూడా పెట్టాడు. కంప్యూటర్లు ఎన్నొచ్చినా ఫొటోగ్రాఫరు కంటి ముందు బలాదూరేననీ, ఎవరికైనా ఏ ఫొటో మీదైనా అనుమానముంటే తనకి పంపొచ్చనీ, చూసి అసలో నకిలీయో చెప్పేస్తాననీ దాని సారాంశం. చదువుతుంటే నాకు ఒళ్లు మండింది. ఫోను మీద మండాలో, ఆయన మీద మండాలో, నా మీద నేను మండాలో తెలియక, మూడు వైపులా సమానంగా మండాను.

దీపావళి వచ్చింది. మర్నాడు గ్రూపులో ఆయన కొత్త ప్రకటన: "కార్తీక పౌర్ణమికి మైలవరం దగ్గర మామిడితోటలో వనభోజనాలు. ఫ్లెక్సీ కోసం నిండు చంద్రుడి ఫొటో కావాలి. సొంతంగా తీసినదే పంపవలెను. నెట్ సరుకు వద్దు. నేను చూస్తే తెలిసిపోతుంది."

అది చదివినప్పుడు నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. మా ఆవిడ అప్పుడే ఇడ్లీ రేకు దించి, మొదటి వాయి తీస్తోంది. గుండ్రంగా, తెల్లగా, ఆవిరి కక్కుతూ ఒక ఇడ్లీ పళ్లెంలో పడింది.

"ఇది నాకియ్యి. నల్ల గొడుగు ఎక్కడుంది?" అన్నాను.

మా ఆవిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. చెప్పాక మాత్రం టార్చిలైటు తనే వెతికి తెచ్చింది. మేడ మీద ట్యాంకు గట్టుకి గొడుగు విప్పి ఆనించి, దాని కడుపులో ఇడ్లీని దారంతో వేలాడదీశాం. తను పక్కనుంచి టార్చి పట్టుకుంది. నేను మేడ ఆ చివరికంటా నడిచి వెళ్లి, అక్కణ్ణుంచి ఫోనుతో దగ్గరికి లాగాను.

"ఆరిపోతోందండీ, తొందరగా కానివ్వండి! వాయి మాడుతుంది కింద!"

ఇడ్లీ తెర మీద కాస్త ఊగింది. కాస్త అలుక్కుంది. అప్పుడు మూలన నెలవంక గుర్తు వెలిగింది. నొక్కాను.

ఇద్దరం ఫోను మీద వంగి చూశాం. మినప్పిండి మీద సముద్రాలు లేచాయి. గుంటలు పడ్డాయి. ఎడమ పక్కన మసక మసక మచ్చలు తేలాయి. ఇదే ఫోను నా ఫొటో తీసేటప్పుడు, పదో తరగతి సర్టిఫికెట్టులో ఆనవాలుగా రాసిన నా బుగ్గ మీది పుట్టుమచ్చని తుడిచేసి నన్ను మచ్చలేని మనిషిని చేస్తుంది. ఇడ్లీకి మాత్రం ఎక్కడ లేని మచ్చలూ తెచ్చిపెట్టింది.

మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. తర్వాత హఠాత్తుగా ఆగి ఆకాశం వైపు చూసింది. "దొరికిపోతారండీ! నిన్ననే కదా అమావాస్య! ఇవాళ చంద్రుడేడి?"

నిజమే. పైన కాలిన టపాకాయల పొగ తప్ప ఏమీ లేదు.

"చూద్దాం. ఎవరన్నా తలెత్తితే దొరికిపోతాను," అన్నాను.

అబద్ధమాడటం నా వల్ల కాదు. అందుకని ఫొటో కింద ఇంతే రాశాను: "మన మేడ మీద, ఈ సాయంత్రం, నా ఫోనుతో నేను స్వయంగా తీసినది." ఇందులో ఒక్క అక్షరం తప్పుంటే చూపించమనండి. చంద్రుడన్న మాట నేను వాడలేదు.

ఇంకా చట్నీ అయినా కాకముందే ప్రెసిడెంటు గారి గొంతు గ్రూపులో మోగింది:

"ఇదీ మాష్టారూ! ఇదీ అసలు చంద్రుడంటే! చూశారా, కష్టపడితే మీకూ వస్తుంది. కుడివైపు అంచు మీద ఆ సన్నటి మడత చూడండి, అది నెట్‌లో ఎక్కడా దొరకదు. ఒరిజినల్‌కి ఉండే అందం అదండీ. నేను సర్టిఫై చేస్తున్నా!"

ఆ మడత ఇడ్లీ రేకు గుంట అంచుది. దాని వెనకే అభినందనలు వరసకట్టాయి. మూడో అంతస్తు మామ్మగారు దణ్ణం పెట్టారు. బ్యాంకు మేనేజరు గారు బొటనవేలు చూపించారు. అపార్ట్‌మెంటు మొత్తంలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, కిటికీ లోంచి తల బయటపెట్టి ఆకాశం చూసిన పాపాన పోలేదు.

గురువారం నాటికి గేటు ముందు ఫ్లెక్సీ వెలిసింది. మా ఆవిడా నేనూ పాల ప్యాకెట్లకని కిందికి దిగి, దాని ముందు ఆగిపోయాం. ఒక పక్క ప్రెసిడెంటు గారు నిలువెత్తున చేతులు జోడించి నవ్వుతున్నారు. రెండో పక్క ఆయన తలకి నాలుగింతలుగా, ఇడ్లీ. దాని కింద పెద్దక్షరాల్లో: "ఛాయాచిత్రం: మాష్టారు గారు. అసలైనదని ధ్రువీకరించినవారు: అధ్యక్షుల వారు."

అధ్యక్షుల వారు తాళ్లు సరిచేయిస్తూ అక్కడే ఉన్నారు. నన్ను చూసి ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నారు.

"మాష్టారూ, అయిందేదో అయింది. నిజాయితీగా తీశారు, మళ్లీ పేరు నిలబెట్టుకున్నారు. వచ్చే చవితికి జడ్జి మీరేనండీ. మేనేజరు గారితో కూడా చెప్పేశా."

నా నిజాన్ని నమ్మని మనిషి నా ఇడ్లీని నమ్మాడు. ఏడవాలో నవ్వాలో తెలియక తలూపాను. పక్కన మా ఆవిడకి మాత్రం ఆ సందేహం లేదు. పాల ప్యాకెట్లు మొహానికడ్డం పెట్టుకుంది, భుజాలు ఎగిరెగిరిపడుతున్నాయి.

"ఏంటమ్మా నవ్వుతున్నారు? బాగా రాలేదా?"

"అయ్యో, ఎంత బాగొచ్చిందో అన్నయ్యగారూ," అంది మా ఆవిడ కళ్లు తుడుచుకుంటూ. "చంద్రుడు భలే పొంగాడండీ."

"పౌర్ణమి కదమ్మా," అన్నారు ప్రెసిడెంటు గారు గర్వంగా ఫ్లెక్సీ వైపు చూస్తూ, "పొంగకేం చేస్తాడు?"

పిండి బాగా పులిసిందని నేను చెప్పలేదు.